ఆ రోజు అమ్మవారు రాలేదు

హనుమకొండ,
26 జులై 2025.

అన్నా,

నా కోపం నీకు కనబడలేదని అనకు. కనబడింది. కనబడింది కాబట్టే నా ముఖాన పసుపు నీళ్లు కొట్టించావు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వు. ఫోన్లో నువ్వు గొంతు పెంచుతావు, నేను ఏడుస్తాను, నా ఏడుపు వినబడగానే గెలిచానని పెట్టేస్తావు. ఇంట్లో ఎదురెదురుగా పడ్డ తగాదాలూ అలాగే ముగిసేవి. కాగితం మీద గొంతు ఎలా పెంచుతావో చూస్తాను. నీ నంబర్ బ్లాక్ చేశాను, చెప్పేదుంటే రాయి. నేను సుశీల ఇంట్లో ఉన్నాను. మా మహిళా సంఘం సుశీల, నువ్వు ‘లీడరమ్మ’ అని వెక్కిరించే మనిషే.

బోనాల నాడు మన ఇంటి ఆడబిడ్డ ఒంటి మీదికి అమ్మవారు వచ్చిందని మొఘల్‌పురా అంతా చెప్పుకుంటున్నావట. ఆ ఒంట్లో ఉన్నదాన్ని నేను. కాబట్టి ఏం జరిగిందో నేను చెబుతాను.

జూన్‌లో సంఘం సభకని ఇక్కడికి వచ్చి, తిరిగి ఇల్లు చేరేసరికి కొట్టం ఖాళీ. గుంజలకు తాళ్లు వేలాడుతున్నాయి. గోళెంలో కుడితి అలాగే ఉంది. మా ఆయన పోయి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఆ బర్రెలను సాకింది నేను. ఈనేటప్పుడు పక్కన కూర్చున్నది నేను, పాలు పిండింది నేను. నువ్వు పాలకేంద్రంలో ఫ్యాను కింద కూర్చుని లీటర్లు పోశావు. “బర్రెలేవి?” అని అడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా, “అమ్మేసిన. చెప్తే ఏడుస్తవని చెప్పలే” అన్నావు.

నేను ఏడవలేదు. అది గమనించావా? రోజూ ఇల్లు ఊడ్చాను, అన్నం వండాను, నీ చొక్కాలు ఇస్త్రీ చేశాను. ఖాళీ కొట్టం కూడా కడిగాను, అలవాటు కొద్దీ. బోనాలొస్తే బోనం ఎత్తాను. గుడి ముందు డప్పులు మోగుతున్నాయి. నువ్వు పోతురాజు ముందు చేతులు రెండూ పైకెత్తి ఎగురుతున్నావు. నీ ముఖంలో ఎంత సంతోషం! ఇంట్లో ఎవరికీ ఏమీ కానట్టు. అప్పుడు లేచింది కోపం. దీపం ఆరకుండా బోనాన్ని అమల వదిన చేతికి జాగ్రత్తగా అందించి (ఇది గుర్తుపెట్టుకో, పూనినవాళ్లు దీపం ఆరుతుందని చూడరు) వచ్చి నీ కాలర్ పట్టుకున్నాను.

“ఎవరినడిగి అమ్మినవ్ నా బర్రెలను? నేనేమన్న నీ ఇంట్ల గుంజనా?”

అంతే. డప్పు దెబ్బ మారింది. “తల్లొచ్చింది, తల్లొచ్చింది” అని ఒకటే కేకలు. ఎవరో నా జడ విప్పారు, ఎవరో చేతిలో వేపకొమ్మ పెట్టారు. “అమ్మవారు గాదు, నేను యశోదను” అని అరిచాను. “తల్లి యశోద మీద నిలవడ్డది” అని గుడి పెద్ద కైలాసం బాపు అందరికీ వివరించాడు. నువ్వు “పసుపు నీళ్లు, పసుపు నీళ్లు!” అన్నావు. నా కాళ్ల మీద పడ్డావు.

“తప్పైంది తల్లీ! ఏం గావాలె చెప్పు!”

“నన్ను అడగాలె. నా బర్రెల ముచ్చట నన్ను అడగాలె.”

“అడుగుత తల్లీ, అడుగుత” అని నుదురు నేలకు కొట్టుకున్నావు. నా మాట మొదటిసారి విన్నావనుకున్నాను. ఒళ్లంతా తేలికైంది, నమ్ముతావా?

ఇంటికొచ్చాం. కుర్చీలో కూలబడి, “చెల్లే, ఇంత చాయ్ పెట్టు, గొంతెండుకపోయింది” అన్నావు.

పెట్టాను. బాగా మరిగించి మోరీలో పోశాను. తెల్లారి సంచి సర్దుకుని ఆటో కోసం నిలబడితే, ఇరానీ హోటల్ గఫూర్ భాయ్ కౌంటర్ దిగి వచ్చాడు. “ఆపా, కల్ ఇత్తా గుస్సా కాయ్కు?” అన్నాడు. ఎందుకంత కోపం అని. వాడ మొత్తంలో నాకు కోపం వచ్చిందని అనుకున్న మనిషి ఒక్కడు దొరికాడు.

నీ చెల్లెలు, అమ్మవారు కాదు,
యశోద.


మొఘల్‌పురా,
4 ఆగస్టు 2025.

చెల్లె యశోదకు,

ఇక్కడ అందరం మంచిగున్నం. అక్కడ నువ్వు గూడ మంచిగున్నవనుకుంట. వానలు మస్తు పడుతున్నయ్, మన గల్లీల మోకాళ్ల మట్టుకు నీళ్లు.

నీ ఉత్తరం సగం చదివి పక్కకు పెట్టిన. మల్ల తీసి చదివిన. పరేషానైన. చెల్లే, నీకు యాద్ లేదు. అమ్మవారు వచ్చినోళ్లకు యాదుండదు. కైలాసం బాపు గూడ గదే అన్నడు. నువ్వే చెప్పు, చిన్నప్పటికెల్లి నాకు ఎదురు మాట్లాడినవా? నా ముంగట కుర్చీల కూసున్నవా? గసోంటి నువ్వు నాలుగు గల్లీల మంది చూస్తుంటె నా కాలర్ పట్టుకుంటవా? మరి అది అమ్మవారు గాకపోతె ఎవ్వరు?

బర్రెల ముచ్చట. వాడకట్టుల పేడ వాసనని రోజు లొల్లి. నీకు మోకాళ్ల నొప్పులు. నీ మంచికే అమ్మిన. ముందుగాల చెప్తె నువ్వు ఏడుస్తవ్, నువ్వు ఏడిస్తె నేను అమ్మలేను, గందుకే చెప్పలే. గిండ్ల తప్పేముంది?

అయినా తల్లికి మాటిచ్చిన గద. మన బర్రెలు కొన్న అంజన్ కాడికి, బార్కస్ అవతలికి పొయ్యి అడిగిన. మిగతవి దూరం పోయినయట, మన చుక్క ఒక్కతే ఉన్నది. తోల్కొచ్చిన. నుదుట తెల్ల మచ్చ మీద కుంకుమ పెట్టి, కొమ్ములకు పసుపు రాసి, ఇంటి ముంగట పందిరేసి కట్టినం. తల్లి అడిగి తెప్పిచ్చుకున్న బర్రె అని శాలిబండకెల్లి గూడ జనం వస్తున్నరు. సెల్ఫీలు. దండాలు. గుడి కమిటీకి నన్నే అధ్యక్షుని చేసిండ్రు. వచ్చే నెల పద్నాలుగు, ఆదివారం, గుడి కాడ మీటింగ్ పెట్టి శాలువ కప్పుతరట. నువ్వు పక్కకుండాలె.

ఒక్కటే ఫికర్. చుక్క చేపుతలేదు. పొదుగు నిండుగుంటది, చేతికి పాలిడువది. జనం దగ్గరకొస్తె చెవులు ఎనకకు పెడ్తది, కండ్లు తెల్లగ జేస్తది. బెదిరింది పాపం. నీ చెయ్యి తగిలితె ఇడుస్తది. జల్ది రా.

ఆ దినం చాయ్ ముచ్చటకు అలిగినవా? అమల ఏమన్న అన్నదా? నాకు జెప్పు, నేను అరుసుకుంట.

ఉత్తరంతోటి పార్సిల్ పంపుతున్న. చీర, పసుపు, కుంకుమ, వేపాకు ఉన్నయ్. తల్లి శాంతించాలె.

అన్న
రామ్‌చందర్.


హనుమకొండ,
12 ఆగస్టు 2025.

అన్నా,

నీ పార్సిల్ నీకే తిప్పి పంపాను. ఈపాటికి చేరి ఉంటుంది. పచ్చ చీర, పసుపు, వేపాకు: గుడి మెట్ల మీద పెట్టేవన్నీ నా అడ్రసుకు పోస్టు చేశావు. మనిషికి పంపేటప్పుడు ‘చెల్లీ, నీకు నచ్చుతుందని తెచ్చిన’ అని రాస్తారు. నువ్వు ‘తల్లి శాంతించాలె’ అని రాశావు. శాంతించను.

అమల వదిన నన్ను ఏమీ అనలేదు. నీ తప్పు మొయ్యడానికి ఇంకో ఆడదాన్ని వెతకడం మానెయ్.

నువ్వు రాసిన ఒక్క వాక్యం చాలు నిన్ను బోనులో నిలబెట్టడానికి. ‘ఎన్నడూ ఎదురు మాట్లాడని నువ్వు కాలర్ పట్టుకుంటవా, అది అమ్మవారు గాకపోతె ఎవ్వరు?’ అంటే నా ఓపికనే నా మీద సాక్ష్యంగా తెచ్చావు. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను కాబట్టి నాకు నోరు లేదని తేల్చావు. రోజూ నీ మీద అరిచి ఉంటే ఆ రోజు నా అరుపు నాదే అయ్యేదన్నమాట!

మన వాడలో మగవాడి కోపానికి ఒకటే పేరు: కోపం. “అన్నకు కోపమొచ్చింది, తప్పుకోండ్రి” అంటారు. టీవీ గొంతు తగ్గుతుంది, పిల్లలు పుస్తకాలు తెరుస్తారు, కూరలో ఉప్పు మళ్లీ చూస్తారు. ఆడదాని కోపానికి ఎన్ని పేర్లో! గాలి సోకింది, దిష్టి తగిలింది, వయసు మీద పడింది, చదువు ముదిరింది, సంఘంలో చెడిపోయింది, అమ్మవారు వచ్చింది. ఉన్న పేరొక్కటి తప్ప అన్నీ. నాకు అమ్మవారితో తగాదా లేదు. ఏడాదికోసారి ఆమె పేరు మీద ఆడవాళ్ల మాట వినేసి, మిగతా ఏడాదంతా వినక్కర్లేదని సర్దుకున్న మీతోనే నా తగాదా.

ఇక చుక్క సంగతి. ‘బెదిరింది పాపం’ అని రాశావు. ఎలా తెలిసింది నీకు? నీతో చెప్పిందా? చెవులు చూశావు, కళ్లు చూశావు. నాయిన మనిద్దరినీ కొట్టంలో కూర్చోబెట్టి నేర్పిన చూపు అది. తోక ఎలా ఆడితే చిరాకో, మూతి ఎలా చాస్తే ఆకలో, దూడ పోతే ఎన్నాళ్లు మెడ తిప్పి వెతుకుతుందో, నీకు నాకంటే బాగా తెలుసు. అదే చూపు ఎదురుగా అన్నం వడ్డించే మనిషి ముఖం దాకా ఎందుకు రాదు? జూన్ నుంచి బోనాల దాకా నా ముఖం నీ కంచం ముందే ఉంది కదా. నాకు కొమ్ములు లేవనా?

ఇంకా ఘోరమేమిటంటే, దాని భయం తెలిసి కూడా నువ్వు దాన్ని జనం మధ్యే కట్టేశావు. కొట్టంలో కడితే సెల్ఫీలకు కనబడదు మరి. నా కోపాన్ని పదవి చేసుకున్నావు, దాని భయాన్ని ప్రదర్శన చేసుకున్నావు. దాన్ని శాంతపరచడానికి నన్ను పిలుస్తున్నావు. రాను. రాకపోవడమే నా చేతిలో ఉన్న దుడ్డుకర్ర.

తప్పు, ఒకసారి వస్తాను. వచ్చే నెల పద్నాలుగో తారీఖు, నీ మీటింగ్‌కు. తల శుభ్రంగా దువ్వుకుని, జడ బిగించి, నుదుట కుంకుమ చుక్క కూడా లేకుండా వస్తాను. నీ భుజాల మీద శాలువా పడ్డాక మైకు అందుకుని చెబుతాను: ‘ఆ రోజు అమ్మవారు రాలేదు. వచ్చింది నేను. ఇతను నన్ను అడగకుండా నా బర్రెలను అమ్మాడు.’ అప్పుడు కాలర్ పట్టుకోను. మర్యాదగానే చెబుతాను. మర్యాదగా చెబితే పూనకం అనడం కష్టం కదా!

నీ ముఖం ఎలా మారుతుందో చూడాలని ఉంది. నిజం చెబుతున్నాను, రోజూ ఊహించుకుంటున్నాను. అన్నం సహిస్తోంది.

యశోద.


మొఘల్‌పురా,
24 ఆగస్టు 2025.

యశోదా,

గట్ల జెయ్యకు. చేతులు జోడిచ్చి రాస్తున్న.

నువ్వు మనిషివై అంటె నా ఇజ్జత్ పోతది, నీ ఇజ్జత్ గూడ పోతది. అన్న కాలర్ పట్టుకున్న ఆడిది అంటరు. అమ్మవారై అంటె అందరు దండం పెడ్తరు, మాట నెగ్గుతది, చుక్క ఇంటికొస్తది. నీకు ఏం నష్టం? నేనొకటి అనుకున్న. ఇగ నుంచి నీకేమన్న చెప్పేదుంటె ఇంట్లనే అమ్మవారిని రానియ్యి. తలుపులేసుకుందం. నేను కింద కూసోని ఇంట. ఎంతసేపైనా ఇంట. గిది మంచిగున్నది గద?

ఆ చీర నాది గాదు. అమలది. నువ్వు సంచిల రెండే చీరలు వెట్టుకొని పోయినవని ఆమె చూసిందట, పత్తర్‌గట్టికి పొయ్యి నీకోసం తెచ్చింది. పచ్చ రంగు నీకు ఇష్టమట, నాకు తెల్వదు. పసుపు, వేపాకు మాత్రం నేనేసిన. తిరిగొచ్చిన పార్సిల్ ఇప్పి చూసి ఏం మాట్లాడలే. మూడు పూటలు ఏం మాట్లాడలే. నేను గూడ అడగలే, ఆమెకు తలనొప్పేమో అనుకున్న.

మొన్న అన్నం తినేటప్పుడు “చారు చల్లగున్నదేంది?” అన్న. చేతిల ఉన్న కంచం గోడకేసి కొట్టింది. అమల! నీకు తెలుసు గద, అమల అంటె ఎట్లుంటదో. నేను గాబరై “పసుపు నీళ్లు తెండ్రి” అన్న. నా నోట్లకెల్లి అదే వచ్చింది. ఆమె నా దిక్కు చూసి నవ్వింది. “అన్న దేవుణ్ణి పంపుతడు, చెల్లె తిప్పి కొడ్తది. నడుమ నేను కొన్న చీర నాకే వచ్చింది. నన్నెవ్వరు అడిగిండ్రు?” అన్నది. అని, కిందవడ్డ మెతుకులు ఎత్తకుంట పొయ్యి పండుకున్నది. నేనే ఎత్తిన.

చెల్లే, నాకు ఏందో అయితుంది. పొద్దుగాల లేవంగనె ఛాతి పట్టేసినట్టుంటది. చేతులు చల్లబడతయ్. డాక్టర్ చూసి గుండె మంచిగనే ఉన్నదన్నడు. మీటింగ్ యాదికొస్తె ఇంక ఎక్కువైతది. నిన్న చుక్క పాలిడుస్తలేదని కట్టెతోటి కొట్టిన. నేను! కొట్టినంక దాని కండ్లు చూసిన. మల్ల దాని మొకం చూడలేక లోపలికొచ్చిన.

నాకు ఏమైతుందో నాకే సమజైతలేదు. నువ్వు చదువుకున్నదానివి. గిదేందో రాయి. మైకు ముచ్చట మాత్రం ఇడువు.

అన్న.


హనుమకొండ,
2 సెప్టెంబర్ 2025.

అన్నా,

చీర విషయంలో తప్పు నాది. దాంతో నీ తప్పేమీ తగ్గదు. పసుపు పొట్లం కింద అమల వదిన ఉందని నాకు తెలియలేదు. పచ్చ రంగు చూసి ఒక్క క్షణం ఆగి ఉంటే తెలిసేది, ఆ ఇంట్లో నా ఇష్టం తెలిసింది ఆమెకే కదా. కోపంలో నేనూ చూడలేదు. ఆమెకు వేరే ఉత్తరం రాశాను. దాన్ని నువ్వు చదవకూడదు.

ఛాతీ పట్టేయడం, చేతులు చల్లబడడం, మీటింగ్ గుర్తొస్తే ఎక్కువ కావడం. దాని పేరు భయం. చుక్కకు ఉన్నదే నీకూ ఉంది. చెవులు వెనక్కి పెట్టడం ఒక్కటే నీకు రాదు. దాన్ని కొట్టాక ముఖం చూడలేకపోయావు చూడు, దాని పేరు సిగ్గు. అది మంచిది, దాన్ని పోనివ్వకు. దానికి వేపాకు కట్టకు.

నీ ఉత్తరం చదివి సుశీల, “పాపం, మెత్తబడ్డడు గద యశోదా, ఇగ ఇడువు” అంది. నేను విడవను. ఎందుకో చెబుతాను. నీకు భయమేస్తే ఉత్తరం రాయడానికి నేనున్నాను. ఆ ఖాళీ కొట్టం కడుగుతున్నప్పుడు నాకు ఎవరున్నారు? ‘నాకేదో అవుతోంది’ అని నీకు అనిపించడానికి నీ పరువు ముప్పున పడాల్సి వచ్చింది. నాకూ, వదినకూ రోజూ అవుతూనే ఉంది, చారు వేడిగా ఉన్నంతకాలం నీకు తెలియలేదు. నీ బాధ మీద నాకు జాలి ఉంది. జాలి వేరు, లెక్క వేరు. నువ్వు ఇంకొన్నాళ్లు ఆ ఛాతీ నొప్పితోనే లేవాలని నాకుంది. నొప్పి ఉన్నన్నాళ్లూ పక్కవాళ్ల ముఖాలు చూస్తావు.

తలుపులు వేసుకుంటే నా మాట వింటానంటున్నావు, అదీ నేను అమ్మవారినైతే. ఎంత పెద్ద మనసు! నేను మనిషిగా, పగలు, తలుపులు తెరిచి ఉండగా, జడ వేసుకుని మాట్లాడితే వినాలి. అంతకంటే తక్కువకు ఒప్పుకోను. నా పరువు గురించి నువ్వు బెంగపెట్టుకోకు. అన్న కాలర్ పట్టుకున్న ఆడది అనిపించుకోవడం నాకు ఇష్టమే. పట్టుకున్నాను కాబట్టి.

పద్నాలుగుకు నేను రావడం ఖాయం. మైకు నేను అందుకోవాలా, నువ్వు అందుకుంటావా అన్నది నీ చేతిలో ఉంది. నువ్వే అందుకుంటే ముందు వరసలో కూర్చుని వింటాను. నువ్వు ఒక్క మాట మింగినా లేచి నిలబడతాను. నా డిమాండ్లు ఇవి. బేరం లేదు.

1. మీటింగ్‌లో, శాలువా కప్పకముందే, కైలాసం బాపు వింటుండగా చెప్పాలి: ఆ రోజు అమ్మవారు రాలేదు, నా చెల్లెలు యశోదకు కోపం వచ్చింది, ఆమెను అడగకుండా ఆమె బర్రెలను అమ్మాను. ఈ మూడు మాటలూ, ఇదే వరసలో.

2. ఆ తర్వాత కూడా శాలువా కప్పుతామంటే కప్పించుకో. నాకు అభ్యంతరం లేదు.

3. ఈ ఉత్తరం అందిన రోజే చుక్క పసుపు కుంకుమలు కడిగి, పందిరి తీసేసి, కొట్టంలో దాని పాత గుంజకు కట్టాలి. జనాన్ని రానివ్వకూడదు. చేపేదాకా నువ్వే పక్కన కూర్చోవాలి. కట్టె ముట్టకూడదు.

4. అమల వదినను ‘ఎందుకు కోపమొచ్చింది?’ అని అడగాలి. ఆమె చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకూడదు. చెప్పనంటే ఊరుకుని, ఇంకో రోజు మళ్లీ అడగాలి.

5. పచ్చ చీర ఆమె ఇష్టపడితేనే నాకు మళ్లీ పంపాలి. ఉత్త చీర.

6. మన ఇంట్లో ఏ ఆడమనిషి అరిచినా పసుపు నీళ్లు తెమ్మనకూడదు.

7. నా కాళ్ల మీద పడకూడదు. ఎదురుగా కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాలి.

8. ఆ రోజు చాయ్ నువ్వు పెట్టాలి.

9. ఇవన్నీ అయ్యాక నేను మొఘల్‌పురాకు తిరిగి వస్తానా, రానా అన్నది నన్ను అడగాలి.

యశోద.